పన్ను మీద ఊడని చుక్క

ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో సంక్రాంతికి ఇంటికెళ్లి సకినం కొరికితే ముందు పన్ను అంచు విరిగింది. మరో 8 రోజుల్లో క్యాంపస్ ఇంటర్వ్యూ. అద్దంలో చూసుకుంటే నాకు నవ్వొచ్చింది కానీ అమ్మకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడే డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆయన మత్తు ఇంజెక్షన్ ఇవ్వలేదు, డ్రిల్లు కూడా పెద్దగా వాడలేదు. నీలం రంగు జెల్ ఒకటి విరిగిన అంచుకు రాశారు. కాసేపాగి కడిగారు. గాలి కొట్టి ఆరబెట్టారు. బుల్లి బ్రష్‌తో ఏదో పూసి నీలం లైటు పెట్టారు. తర్వాత మైదా ముద్దలాంటి పదార్థాన్ని కొంచెం కొంచెంగా అద్దుతూ మళ్లీ లైటు, మళ్లీ అద్దడం. గంట లోపే పన్ను పాత పన్నయింది.

మీకూ ఇలాంటి అనుభవం ఉండే ఉంటుంది. పుచ్చు పన్నుకు సిమెంట్ పెట్టించుకునో, పళ్లకు క్లిప్పులు వేయించుకునో ఉంటారు. అప్పుడు మీరు అడిగారో లేదో గానీ నేనడిగాను, ఆ నీలం జెల్ ఏంటని. ఫాస్ఫారిక్ యాసిడ్ అట! తుప్పు వదిలించే ద్రావణాల్లో కలుపుతారే, కోలా డ్రింకుల్లో కొద్దిగా ఉంటుందే, అదే. యాసిడ్ వల్ల పళ్లు పాడవుతాయని మనకు చిన్నప్పటి నుంచి చెప్తారు. అలాంటిది డెంటిస్టే కావాలని పంటి మీద యాసిడ్ పోయడమేంటి? ఇలా చేయొచ్చని మొదట ఎవరికి తట్టింది?

తట్టినాయన పేరు మైఖేల్ బ్యూనోకోర్. బీడీఎస్ చదివేవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. రెండో ఏడాదికల్లా పరీక్షలో రాసేసే ఉంటారు. మిగతా బ్రాంచీల వాళ్లు వినకపోవచ్చు. కానీ ఇవాళ ప్రపంచంలో ఏ మూల పంటికి ఏది అతికించినా ఆయన 1955లో రాసిన 5 పేజీల పేపరు దగ్గరికే వెళ్లి ఆగాలి. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ల పేజీలో పళ్ల డాక్టర్ కథ ఎందుకు అనుకుంటున్నారేమో. ఆయనకు ఆ ఐడియా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకే అర్థమవుతుంది.

బ్యూనోకోర్ 1918లో పుట్టారు. ఇంటిపేరు ఇటాలియన్‌ది. మంచి హృదయం అని అర్థం వస్తుంది. చదివింది దంతవైద్యం. పనిచేసింది అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, రాచెస్టర్ నగరంలో ఉన్న ఈస్ట్‌మన్ డెంటల్ డిస్పెన్సరీలో. పేరులో ఈస్ట్‌మన్ అంటే మన పెద్దవాళ్లు పాత సినిమా టైటిల్స్‌లో చూసిన ఈస్ట్‌మన్ కలర్ ఈస్ట్‌మనే. కొడాక్ కంపెనీ పెట్టిన జార్జ్ ఈస్ట్‌మన్‌కు పేద పిల్లల పళ్ల మీద విపరీతమైన పట్టింపు ఉండేది. ఆయన డబ్బుతోనే ఈ డిస్పెన్సరీ 1917లో మొదలైంది. తర్వాత లండన్, రోమ్, పారిస్, బ్రస్సెల్స్, స్టాక్‌హోమ్‌లలో కూడా ఇలాంటివే కట్టించారు.

ఆ రోజుల్లో రాచెస్టర్ అంటే ఫిల్ములు, లెన్సులు తయారుచేసే ఊరు. అలాంటి ఊళ్లో పిల్లల పళ్ల కోసం పుట్టిన సంస్థ. బ్యూనోకోర్ పరిశోధన అంతా ఇక్కడే జరిగింది. ఈ రెండు విషయాలూ గుర్తుంచుకోండి.

అతకదు, ఇరుక్కుంటుంది అంతే

1950ల నాటి పళ్ల డాక్టర్ సమస్య ఏంటో చూద్దాం. పుచ్చిన భాగాన్ని తొలిచేశారు, గుంట పడింది. అందులో నింపడానికి వెండి, తగరం లాంటి లోహాల పొడిని పాదరసంతో కలిపిన అమాల్గం ఉంది. మన దగ్గర వెండి సిమెంట్ అంటారు. గట్టిది, చాలా ఏళ్లు ఉంటుంది. కానీ పంటికి అతుక్కోదు. అతుక్కోనిది ఊడకుండా ఉండాలంటే గుంటను పైన ఇరుగ్గా, లోపల వెడల్పుగా తొలవాలి. మూతి సన్నగా ఉన్న కుండలో లడ్డూ ఇరుక్కున్నట్టు అన్నమాట. ఇలా తొలిచే పద్ధతుల్ని అంతకు అరవై ఏళ్ల ముందు జీవీ బ్లాక్ అనే అమెరికన్ దంతవైద్యుడు లెక్కలతో సహా రాసిపెట్టారు. అందరూ అదే పాటించారు. దీంతో ఏమయ్యేదంటే, పుచ్చింది గోరంత అయితే తొలిచేది కొండంత. బాగున్న పన్ను కూడా డ్రిల్లుకు బలయ్యేది.

ముందు పళ్లకు ఈ వెండి రంగు బాగోదు కదా. అందుకని రెండో ప్రపంచ యుద్ధం నాటికి జర్మనీలో అక్రిలిక్ ఫిల్లింగులు వచ్చాయి. పంటి రంగులో ఉండేవి. చూడ్డానికి బాగుండేవి, అంతవరకే. మెకానికల్, కెమికల్ వాళ్లకు చెప్పక్కర్లేదు, అక్రిలిక్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. పైగా వేడికి పన్ను కంటే ఏడెనిమిది రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. వేడి కాఫీ తాగితే ఉబ్బుతుంది, ఐస్‌క్రీమ్ తింటే ముడుచుకుంటుంది. పన్ను మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు రెండింటి మధ్యా సందు పడుతుంది. ఆ సందులోకి లాలాజలం, దాంతో బ్యాక్టీరియా. ఫిల్లింగ్ కిందే పన్ను మళ్లీ పుచ్చేది.

అంటే కావాల్సింది మరింత గట్టి ఫిల్లింగ్ కాదు. నోటి తడిలో పంటికీ ప్లాస్టిక్‌కీ మధ్య పట్టు కావాలి. బ్యూనోకోర్ ఈ ప్రశ్న పట్టుకున్నారు.

పెయింట్ షాపు నుంచి వచ్చిన ఐడియా

సైకిల్ పంక్చర్ షాపులో ఎప్పుడైనా నిలబడి చూశారా? అతను ట్యూబ్ మీద నేరుగా సొల్యూషన్ రాయడు. ముందు ఆకురాయితో ఆ చోటును గరగరా గీకుతాడు. నున్నగా ఉంటే ప్యాచ్ నిలవదని అతనికి తెలుసు. ఇంటి పనిలో మేస్త్రీ కూడా అంతే, కాంక్రీటు పిల్లర్‌కు ప్లాస్టరింగ్ చేసేముందు ఉలితో గాట్లు పెడతాడు. లోహానికి పెయింట్ వేసే ఫ్యాక్టరీల్లో ఇదే పని యాసిడ్‌తో చేస్తారు. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఉపరితలాన్ని సిద్ధం చేస్తే పెయింటు, రెజిన్ పూతలు బాగా పట్టుకుంటాయని పరిశ్రమలో అప్పటికే తెలుసు.

బ్యూనోకోర్ చూసింది దంతవైద్యం పుస్తకాల్లోకి కాదు, ఈ పెయింట్ పరిశ్రమ వైపు. ఇనుప రేకుకు పనికొచ్చింది పంటి ఎనామెల్‌కు ఎందుకు పనికిరాదు అనుకున్నారు. ఆలోచన ఇంతే. చదివితే ఇదీ ఒక ఆవిష్కరణేనా అనిపిస్తుంది. కానీ పళ్లను యాసిడ్ నుంచి కాపాడటమే వృత్తి ధర్మంగా నేర్చుకున్న మనిషి ఇలా అనుకోవడం ఎంత కష్టమో ఊహించండి.

రెండు పద్ధతులు ప్రయత్నించారు. ఒకటి, ఫాస్ఫోమాలిబ్డేట్ రసాయనాన్ని ఆక్సాలిక్ యాసిడ్‌తో కలిపి వాడటం. రెండోది సూటిగా 85 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్, 30 సెకన్లు. తర్వాత కడిగి, ఆరబెట్టి, మనుషుల ముందు పళ్ల మీద అక్రిలిక్ చుక్కలు పెట్టారు. ఇక గడియారం చూస్తూ కూర్చోవడమే. యాసిడ్ తగలని పళ్ల మీద చుక్కలు కొద్ది గంటల్లోనే రాలిపోయాయి. మొదటి పద్ధతి కొన్ని రోజులు నిలిచింది. ఫాస్ఫారిక్ యాసిడ్ రాసిన పళ్ల మీద చుక్కలు 1,000 గంటలు దాటినా కదల్లేదు. తింటున్నారు, తాగుతున్నారు, బ్రష్ చేసుకుంటున్నారు, అయినా చుక్క అక్కడే ఉంది!

వేల డాలర్ల యంత్రం లేదు. యాసిడ్, అక్రిలిక్, గడియారం. 1955 చివర్లో జర్నల్ ఆఫ్ డెంటల్ రీసెర్చ్‌లో ఇది అచ్చయింది. ఎనామెల్‌కు అక్రిలిక్ పట్టును పెంచే ఒక తేలికైన పద్ధతి అన్నట్టుగా ఉంటుంది ఆ పేపరు శీర్షిక. గొప్పలు లేవు. అప్పటికి ఆయన వయసు 37 దగ్గర. ఇది ఎందుకు పనిచేస్తోందన్న దానికి ఆ పేపర్లో ఒక జవాబు కాదు, నాలుగైదు ఊహలు రాశారు. ఉపరితల వైశాల్యం పెరిగి ఉండొచ్చు, పాత జడపొర పోయి ఉండొచ్చు, లోపలి సేంద్రియ పదార్థం బయటపడి ఉండొచ్చు... ఇలా. తేలని విషయాన్ని తేలినట్టు రాయలేదు. ప్రాజెక్ట్ రిపోర్టుల్లో కంక్లూజన్ రాసేటప్పుడు మనం చేసే పనికి ఇది పూర్తిగా వ్యతిరేకం, నాతో సహా.

అసలు విషయం మైక్రోస్కోప్ కింద తర్వాత తేలింది. ఎనామెల్ బరువులో 96 శాతం దాకా ఖనిజమే. సన్నటి కడ్డీలు కట్టగట్టినట్టు ఉంటుంది. యాసిడ్ ఆ కడ్డీల కొసల్ని, అంచుల్ని ఒకే తీరుగా కాకుండా అక్కడక్కడా కరిగిస్తుంది. నున్నటి పన్ను మైక్రాన్ల లోతులో తేనెపట్టులా గుల్లబారుతుంది. కంటికైతే సుద్ద రాసినట్టు తెల్లగా కనిపిస్తుంది. పల్చటి రెజిన్ ఆ గుల్లల్లోకి ఇంకి, అక్కడే గట్టిపడి, వేళ్లలా పాతుకుపోతుంది. ఈ రెజిన్ వేళ్లను 1960ల చివర్లో గ్విన్నెట్, మాట్సుయ్‌లతో కలిసి బ్యూనోకోరే చూపించారు. తన పేపర్లోని ప్రశ్నకు తనే జవాబు తెచ్చుకోవడానికి ఆయనకు దాదాపు 13 ఏళ్లు పట్టింది.

ఎవరూ పట్టించుకోని పదేళ్లు

ఇంతటి ఫలితం వచ్చాక క్లినిక్కులన్నీ మర్నాడే యాసిడ్ సీసాలు తెప్పించుకుని ఉంటాయి అనుకుంటాం. అలా జరగలేదు. పదేళ్లకు పైగా ఆ పేపరు దాదాపు పక్కనే ఉండిపోయింది. పంటి మీద అంత గాఢమైన యాసిడ్ అంటే డాక్టర్లకు భయం. అది సహజం. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. పట్టు దొరికింది కానీ పట్టించడానికి సరైన పదార్థం లేదు. కుంచించుకుపోయే, అరిగిపోయే అక్రిలిక్‌ను ఎంత గట్టిగా అతికించినా చివరికి అది అక్రిలిక్కే.

ఒక్కోసారి మీ దగ్గరున్న స్కిల్ సరైనదే అయినా దాన్ని వాడుకునే పరిశ్రమ ఇంకా పుట్టి ఉండదు. డీప్ లెర్నింగ్ చేసినవాళ్ల కథ కూడా చాలాకాలం ఇదే. ఆ మధ్యకాలంలో ఏం చేస్తామన్నదే ప్రశ్న.

బ్యూనోకోర్ ఆ టాపిక్ వదిలి వేరే దాంట్లోకి వెళ్లిపోలేదు. మరుసటి ఏడాదే, అంటే 1956లో, సహచరులతో కలిసి ఇంకా కష్టమైనదాని మీద పడ్డారు. ఎనామెల్ కింద డెంటిన్ అనే పొర ఉంటుంది. అందులో కొలాజెన్, నీళ్లు, సన్నటి గొట్టాలు ఉంటాయి. ఎప్పుడూ తడిగానే ఉంటుంది. తడి గోడకు పోస్టర్ అతికించడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఫాస్ఫేట్ ఉన్న ఒక రెజిన్‌తో ప్రయత్నించారు. కొంచెం పట్టుకుంది, కానీ నీళ్లలో ఉంచితే వదిలేసింది. అది ఫెయిలయిందనే చెప్పాలి. ఈ డెంటిన్ సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

సరైన పదార్థం వేరేచోట తయారైంది. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రఫేల్ బోవెన్ అనే ఇంకో దంతవైద్యుడు ఎపాక్సీ రెజిన్లతో కుస్తీ పడుతున్నారు. ఎపాక్సీ కుంచించుకుపోవడం తక్కువ, కానీ నోట్లో గట్టిపడటానికి చాలాసేపు పడుతుంది. పేషెంట్ అంతసేపు నోరు తెరుచుకుని కూర్చోలేడు. అందుకని ఎపాక్సీ లాంటి పెద్ద అణువుకు చివర్లలో అక్రిలిక్ తరహా గుంపులు తగిలించారు. అదే బిస్-జీఎంఏ. 1962లో పేటెంట్ వచ్చింది. తేనెలా చిక్కగా ఉండే ఈ రెజిన్‌లో సిలికా పొడి దట్టంగా కలిపారు. పొడికీ రెజిన్‌కీ లంకె కుదరడానికి సిలేన్ అనే రసాయనం పూశారు. ఈ సిలేన్ కూడా దంతవైద్యానిది కాదండీ, ఫైబర్‌గ్లాస్ పరిశ్రమ నుంచి తెచ్చుకున్నది.

అలా డెంటల్ కాంపోజిట్ పుట్టింది. మనవాళ్లు దీన్ని సిమెంట్ అనడం శాస్త్రీయంగా తప్పే గానీ పోలిక మాత్రం అద్భుతం. రెజిన్ సిమెంట్ పాలు అయితే, సిలికా పొడి కంకర. కంకర ఎంత ఎక్కువ పడితే కుంచించుకుపోవడం అంత తగ్గుతుంది, బలం అంత పెరుగుతుంది. స్వచ్ఛమైన అక్రిలిక్ మోనోమర్ గట్టిపడితే ఘనపరిమాణంలో 21 శాతం దాకా తగ్గుతుంది. కాంపోజిట్‌లలో ఇది రెండు మూడు శాతం దగ్గరికి వచ్చింది.

బ్యూనోకోర్ యాసిడ్, బోవెన్ రెజిన్. రెండూ కలిశాకే 1955 నాటి పేపరును జనం దుమ్ము దులిపి చదవడం మొదలుపెట్టారు.

కంకర సైజులోనే ఉంది కథ

ఇంటర్వ్యూలో మెటీరియల్స్ మీద ప్రశ్న వస్తే పనికొచ్చే భాగం ఇది. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. కాంపోజిట్‌ల రకాలన్నీ ముఖ్యంగా ఆ కంకర, అంటే ఫిల్లర్ కణం సైజును బట్టే విడిపోయాయి.

మొదటి తరం మాక్రోఫిల్. క్వార్ట్జ్ లాంటి గట్టి కణాలు, 10 మైక్రాన్లు, అంతకంటే పెద్దవి. బలం బాగుంది. కానీ నమిలే కొద్దీ మధ్యలో మెత్తటి రెజిన్ ముందు అరిగిపోయి, కణాలు పైకి తేలేవి. పాత సిమెంట్ రోడ్డు మీద కంకర తేలినట్టే. ఉపరితలం గరుకెక్కి, టీ, కాఫీ మరకలన్నీ అక్కడే చేరేవి. పాలిష్ నిలిచేది కాదు.

దీనికి విరుగుడుగా 1970ల రెండో సగంలో మైక్రోఫిల్ వచ్చింది. కణం సైజు 0.04 మైక్రాన్. పేరు మైక్రో గానీ నిజానికి అది 40 నానోమీటర్లు! నానో అనే మాట అప్పటికి ఫ్యాషన్ కాలేదు, అంతే. అద్దంలా మెరిసేది. ముందు పళ్లకు భలే ఉండేది. అయితే అంత సన్నటి పొడి రెజిన్‌ను పీల్చేసుకుని మిశ్రమాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది కాబట్టి ఎక్కువ కలపలేం. ఫిల్లర్ తగ్గితే బలం తగ్గుతుంది. దవడ పళ్ల మీద, కొరికే అంచుల మీద చిట్లిపోయేది.

మేస్త్రీని అడిగితే పరిష్కారం అప్పుడే చెప్పేవాడు. కంకరా వేయి, ఇసుకా వేయి. పెద్ద కణాల మధ్య సందుల్లో చిన్న కణాలు కూర్చుంటే మొత్తం దిట్టంగా ఉంటుంది. హైబ్రిడ్ కాంపోజిట్‌లంటే ఇవే. 1980ల నుంచి క్లినిక్కుల్లో ఇవే రాజ్యమేలాయి. పెద్ద కణాల సైజు తగ్గుతూ ఒక మైక్రాన్ కిందికి వచ్చాక మైక్రోహైబ్రిడ్ అన్నారు. 2002లో నానో కణాలు, వాటి గుత్తులు కలిపిన నానోఫిల్ మార్కెట్లోకి వచ్చింది. గుత్తి బలాన్నిస్తుంది. అరిగినప్పుడు గుత్తి నుంచి నానో కణాలే ఊడతాయి కాబట్టి మెరుపు పోదు. నా ముందు పన్ను మీదున్నది ఈ కుటుంబానిదే.

ఫిల్లర్ తగ్గించి జారుడుగా చేసినవి ఫ్లోవబుల్. సిరంజి నుంచి సన్నటి గుంటల్లోకి జారిపోతాయి. ఒకేసారి 4 మిల్లీమీటర్ల మందాన వేసుకోగలిగేవి బల్క్‌ఫిల్. మామూలు కాంపోజిట్‌ను 2 మిల్లీమీటర్ల పొరలుగానే ఎందుకు వేస్తారంటే, అంతకంటే లోతుకు లైటు సరిగా అందదు. పైగా మొత్తం ఒకేసారి కుంచించుకుపోతే ఆ లాగుడుకు అతుకు తెగే ప్రమాదం ఉంది. నాకు డాక్టర్ కొంచెం కొంచెంగా అద్దింది అందుకే. ఆయనకు చేతకాక అనుకున్నాను అప్పుడు.

చూశారుగా, ఇందులో పాలిమర్ కెమిస్ట్రీ ఉంది, ఫ్రాక్చర్ మెకానిక్స్ ఉంది, ఆప్టిక్స్ ఉంది. గేట్‌లో ఎక్స్‌ఈ పేపర్ రాసేవాళ్లకు మెటీరియల్స్ సైన్స్, పాలిమర్ సైన్స్ సెక్షన్లు ఉన్నాయి. 2020 నుంచి బయోమెడికల్‌కు వేరే పేపరే ఉంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్, హైదరాబాద్ శివారు సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్క్ ఉన్నాయి. డెంటల్ అంటే బీడీఎస్ వాళ్లదే అనుకుని మెకానికల్, కెమికల్ వాళ్లు ఆ వైపు చూడకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

గుంట పడకముందే

మళ్లీ బ్యూనోకోర్ దగ్గరికి వద్దాం. నా లెక్కలో ఆయన చేసిన అసలు పని ఫిల్లింగుల్ని అతికించడం కాదు. ఫిల్లింగే అవసరం లేకుండా చేయాలనుకోవడం.

నాలుకతో మీ దవడ పన్నును తడిమి చూడండి. పైన లోయల్లాంటి గాళ్లు తగులుతాయి. కొన్ని ఎంత ఇరుకంటే బ్రష్ పోగు కూడా లోపలికి వెళ్లదు. తిన్న తీపి మాత్రం వెళుతుంది, బ్యాక్టీరియా వెళుతుంది. ఆరేళ్ల వయసులో వచ్చే శాశ్వత దవడ పళ్లు ఎక్కువగా పుచ్చడం మొదలయ్యేది ఇక్కడే. 1920ల్లో ఒక పద్ధతి ఉండేది. ఎలాగూ పుచ్చుతుంది కదా అని బాగున్న పన్ను గాళ్లనే ముందుగా తొలిచి అమాల్గం నింపేసేవాళ్లు! అప్పటికి అంతకంటే దారి లేదు.

అతికించడం వచ్చాక తొలవాల్సిన పనేముంది? యాసిడ్ రాసి, పల్చటి రెజిన్‌తో ఆ గాడిని మూసేస్తే చాలు. 1967లో క్యూటోతో కలిసి బ్యూనోకోర్ తొలి క్లినికల్ ఫలితాలు ప్రచురించారు. అప్పుడు వాడింది సైనోఅక్రిలేట్, అంటే మన ఇళ్లలో ఉండే సూపర్ గ్లూ కుటుంబం. పుచ్చడం బాగా తగ్గింది. కానీ ఆ పదార్థం నోటి తడికి క్రమంగా విచ్ఛిన్నమయ్యేది.

ఈసారి ఆయన పదార్థాన్ని మార్చారు, పద్ధతిని కాదు. బోవెన్ తరహా బిస్-జీఎంఏ రెజిన్ తీసుకున్నారు. అప్పటిదాకా ఇలాంటి రెజిన్‌కు రెండు భాగాలు కలపాల్సి వచ్చేది. కలిపిన క్షణం నుంచే గట్టిపడటం మొదలయ్యేది. కదిలే పిల్లాడి నోట్లో పనిచేసే డాక్టర్‌కు ఇది నరకం. బ్యూనోకోర్ అల్ట్రావయొలెట్ కాంతి తగిలితేనే గట్టిపడేలా చేశారు. తీరిగ్గా గాడిలో పూసుకోండి, సరిగ్గా కూర్చుందా చూసుకోండి, అప్పుడు లైటు వేయండి. కాంతి తగిలితే రసాయనం మారడమన్న సంగతి ఫిల్ముల ఊరైన రాచెస్టర్‌కు కొత్తేం కాదు. ఈ పోలిక నాది, ఆయనకు అక్కడి నుంచే తట్టిందని నేననను.

1970లో వచ్చిన ఈ ట్రయల్ పద్ధతి కూడా గమనించాల్సిందే. ఒకే పిల్లాడి నోట్లో ఒక పక్క పంటికి సీలెంట్ వేసి, రెండో పక్క అదే జత పన్నును అలాగే వదిలేశారు. తిండి ఒకటే, లాలాజలం ఒకటే, బ్రష్ చేసే బద్ధకం ఒకటే. తేడా సీలెంట్ ఒక్కటే. ఇంతకంటే మంచి కంట్రోల్ ఎక్కడ దొరుకుతుంది? రెండేళ్ల తర్వాత చూస్తే శాశ్వత పళ్లలో సీలెంట్ వేసినవి దాదాపుగా పుచ్చలేదు. రక్షణ 99 శాతంగా తేలింది. పేద పిల్లల పళ్ల కోసం 1917లో తెరిచిన డిస్పెన్సరీ నుంచి వచ్చిన ఫలితం ఇది.

అల్ట్రావయొలెట్ ఎక్కువ కాలం నిలవలేదు. లోతుకు పోదు, కళ్లకు మంచిది కాదు. 1970ల చివరికి మామూలు నీలం కాంతితో గట్టిపడే రెజిన్లు వచ్చాయి. 470 నానోమీటర్ల దగ్గరి ఆ నీలం వెలుగే ఇవాళ మీరు క్లినిక్‌లో చూసేది. యాసిడ్ గాఢత కూడా తగ్గింది. 85 శాతం అక్కర్లేదు, 37 శాతం దగ్గర ఉంటే ఎనామెల్ ఇంకా బాగా గుల్లబారుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. క్లిప్పుల సంగతి చెప్పాలి కదా. ఒకప్పుడు ప్రతి పంటి చుట్టూ లోహపు పట్టీ బిగించి దానికి క్లిప్పు పెట్టేవాళ్లు. 1965లో జార్జ్ న్యూమన్ యాసిడ్, ఎపాక్సీతో నేరుగా పంటికే అతికించి చూపించారు. తీసేశాక పాలిష్ చేస్తే పన్ను పన్నులా ఉంటుంది.

1975లో బ్యూనోకోర్ దంతవైద్యంలో జిగురు పదార్థాల వాడకం మీద పుస్తకం తెచ్చారు. ఇరవై ఏళ్ల కిందట అక్రిలిక్ చుక్కలతో మొదలైంది ఒక పుస్తకానికి సరిపడా శాస్త్రమైంది.

మిగిలింది డెంటిన్. 1956లో ఆయన్ను ఓడించిన పొర. యాసిడ్‌ను డెంటిన్‌కు తగలనివ్వకూడదని అమెరికా, యూరప్ డాక్టర్లు గట్టిగా నమ్మారు. లోపలి నరం చచ్చిపోతుందని భయం. జపాన్ వాళ్లు ధైర్యం చేశారు. 1978లో అక్కడి కురారే కంపెనీ తెచ్చిన బాండింగ్‌తో, ఎనామెల్, డెంటిన్ రెండింటికీ కలిపే యాసిడ్ రాయొచ్చని 1979లో ఫుసయామా బృందం చూపించింది. చాలామంది నమ్మలేదు. 1955 నాటి భయమే, పొర మారిందంతే. 1982లో నకబయాషి అసలు కీలకం కనిపెట్టారు. యాసిడ్ ఖనిజాన్ని తీసేశాక మిగిలిన కొలాజెన్ వలలోకి రెజిన్ ఇంకి, సగం పన్ను, సగం ప్లాస్టిక్ అయిన ఒక కొత్త పొర ఏర్పడుతుంది. దానికి హైబ్రిడ్ లేయర్ అని పేరు. ఇవాళ్టి డెంటిన్ బాండింగ్ అంతా దీని మీదే నిలబడింది.

బ్యూనోకోర్ అది చూడలేదు. అంతకు ఏడాది ముందు, 1981లో చనిపోయారు. అమెరికాలోని అకాడమీ ఆఫ్ ఆపరేటివ్ డెంటిస్ట్రీ ఆయన పేరిట స్మారకోపన్యాసం ఏర్పాటు చేసింది. ఆయన పనిచేసిన డిస్పెన్సరీ రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో భాగంగా ఇప్పటికీ నడుస్తోంది.

నా ముందు పన్ను అతుకు ఇంకా అలాగే ఉంది. అంచు దగ్గర సన్నగా టీ మరక పట్టింది, పాలిష్ చేయించుకోవాలి. సకినాలు మాత్రం దవడ పళ్లతోనే కొరుకుతున్నాను.